చెస్ ఇంజిన్ల బలం కొలవడం, 3వ భాగం: వంద గేములు ఆడిస్తే ఏం తెలుస్తుంది

పోయిన భాగంలో క్యూట్‌చెస్ (ఇంజిన్లని ఒకదానితో ఒకటి ఆడించే ప్రోగ్రామ్) పెట్టుకుని రెండు ఇంజిన్లని, అంటే చెస్ ఆడే ప్రోగ్రాములని, ఎదురెదురుగా ఆడించాం కదండీ. ఈపాటికి మీలో చాలామంది 10 గేములు ఆడించేసి, 6-4 వచ్చింది, కొత్త వెర్షనే గట్టిది అని తేల్చేసుకుని ఉంటారు. అక్కడే ఆగండి.

మాది భీమవరం పక్కన పల్లె, రొయ్యల చెరువుల మధ్యే పెరిగాను. కౌంట్ చూడాలంటే మా నాన్న వల ఒక్కచోట విసిరి ఊరుకోరు, గట్టు చుట్టూ తిరిగి నాలుగు మూలలా విసురుతారు, మధ్యలోకి పడవ మీదెళ్లి ఇంకోసారి విసురుతారు, అప్పుడు తూచి కిలోకి ఎన్నొస్తున్నాయో లెక్కేస్తారు. ఒకే మూల పదిసార్లు విసిరినా తెలిసేది ఆ మూల సంగతే.

ఓపెనింగ్ ఫైల్ (ఆట మొదలయ్యే ఎత్తులు రాసి ఉన్న ఫైల్) లేకుండా ఇంజిన్లని ఆడిస్తే జరిగేది అచ్చంగా ఇదే. నేను మొదట్లో అలాగే 40 గేములు ఆడించా, తర్వాత పీజీఎన్ (ఆడిన ఎత్తులన్నీ రాసి ఉండే ఫైల్) తెరిచి చూస్తే సగం గేముల్లో మొదటి 15 ఎత్తులు మక్కీకి మక్కీ ఒకటే, అంటే 40 అనుకున్నవి నిజానికి అంతకన్నా చాలా తక్కువ గేములే అన్నమాట. అందుకే రకరకాల ఓపెనింగులున్న ఫైల్ ఇవ్వాలి, ఒక్కో ఓపెనింగ్‌నీ రెండుసార్లు, రంగులు మార్చి ఆడించాలి. తెల్లపావులకి ఎప్పుడూ కాస్త మొగ్గుంటుంది కాబట్టి ఆ మొగ్గు ఇద్దరికీ సమానంగా అందాలి. క్యూట్‌చెస్‌లో రౌండ్స్ 50, గేమ్స్ 2, రిపీట్ ఆన్ చేస్తే సరిపోద్ది. హ్యాష్ (ఇంజిన్ వాడుకునే మెమరీ), థ్రెడ్స్ (ఒకేసారి నడిపే లెక్కల వరసలు), టైమ్ ఇద్దరికీ ఒకటే ఇవ్వండి, పాండర్ (ఎదుటి ఇంజిన్ వంతులో కూడా ఆలోచించడం) ఆపేయండి.

ఇప్పుడు అసలు లెక్క. 100 గేముల్లో కొత్తది 35 గెలిచింది, 25 ఓడింది, 40 డ్రా అనుకోండి. డ్రాకి అర పాయింటు, మొత్తం 55, అంటే స్కోరు 0.55. ఈలో (Elo, ఆడేవాళ్ల బలాన్ని అంకెల్లో చూపే రేటింగ్) తేడా కావాలంటే స్కోరుని (1 - స్కోరు)తో భాగించి, దానికి 10 బేస్‌లో లాగ్ తీసి 400తో గుణించాలి. 0.55ని 0.45తో భాగిస్తే 1.222, లాగ్ 0.087, గుణిస్తే దాదాపు +35. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ ఈ 100 గేములకి 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే హద్దులు -18 నుంచి +89 దాకా ఉంటాయి! అంటే మీ కొత్త వెర్షన్ పాతదానికన్నా వీకేమో కూడా ఇంకా తేలలేదు. ఇదే నిష్పత్తిలో 1000 గేములు వస్తే హద్దులు +18 నుంచి +52కి దగ్గరపడతాయి, అప్పుడు ధైర్యంగా బలమైంది అనొచ్చు. ఈ హద్దుల వెడల్పు సగానికి తగ్గాలంటే గేములు నాలుగు రెట్లు కావాలి, ఇందులో దగ్గరిదారి లేదండి.

ఇంకోటి, లాప్‌టాప్ మీద ఆడించేవాళ్లు జాగ్రత్త. ఓ రాత్రి నేను టెస్ట్ పెట్టి పడుకుంటే మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ మీదకెళ్లింది, ప్రాసెసర్ స్పీడ్ పడిపోయింది, ఒకేసారి నాలుగు గేములు నడుస్తున్నాయేమో, పొద్దున చూస్తే వరసగా టైమ్ అయిపోయి ఓడిన గేములే. మొత్తం పారేసి మళ్లీ ఆడించా. బాధేసింది గానీ అలాంటి గేములు లెక్కలో కలిపితే రిజల్ట్ మొత్తం పాడైపోద్ది. ఉన్న కోర్లకంటే ఒకటైనా తక్కువ గేములు నడపండి, టైమ్ మీద ఓడినవి ఎన్నో ప్రతిసారీ చూడండి.

ఈ వారం పని ఏంటంటే, ఒకే ఇంజిన్‌ని రెండు పేర్లతో పెట్టి దాని కాపీతోనే 100 గేములు ఆడించండి, గేముకి ఒక్కో వైపుకీ 10 సెకన్లు, ఎత్తుకి 0.1 సెకను అదనం, ఒకటొకటిగా ఆడించినా గంట పట్టొచ్చు. ఇలా మూడుసార్లు చేసి మూడు స్కోర్లూ పుస్తకంలో రాసుకోండి. నాలుగో భాగంలో ఎస్పీఆర్టీ (ఆడిస్తుండగానే ఎప్పుడు ఆపొచ్చో చెప్పే పరీక్ష) ఆ మూడు అంకెలతోనే మొదలెడదాం.