కీబోర్డు ఆపేసి నాలుగు గొంతులు కలపండి

దక్షిణాఫ్రికా గాస్పెల్ (క్రైస్తవ భక్తిగీతాల) పద్ధతిని మా ఒంగోలు క్వయర్‌కు నేర్పేటప్పుడు నేను ముందు కీబోర్డు ఆపిస్తాను. 19వ శతాబ్దంలో అక్కడి మిషనరీలు డో-రే-మి అక్షరాలతో పాట రాసే పద్ధతిని వ్యాపింపజేశారు. వాయిద్యం కొనలేని చర్చి సంఘాలు కూడా దానితో నాలుగు గొంతుల్లో పాడాయి. 2002లో మొదలై గ్రామీలు గెలిచిన సొవెటో గాస్పెల్ క్వయర్‌ను ఒకసారి వినండి, బాస్, అంటే మగవాళ్ల అడుగు గొంతు, ఎంత బరువుగా ఉంటుందో తెలుస్తుంది.

మనకు సరిగమలున్నాయి కదా, అవి చాలు. బాస్ పాడే మగవాళ్లు మంద్రంలో స, మ, ప మీద కదలకుండా నిలిచేదాకా ఇంకెవరినీ పాడనివ్వకండి. తర్వాత టెనర్ (మగవాళ్ల పై గొంతు), ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు), సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు) ఆఖరున. మనవాళ్లకు కలిసి ఒకే స్వరం పాడడం అలవాటు. టెనర్లయితే మరీ, రెండో పంక్తికే ప్రధాన రాగంలోకి జారిపోతారు. అందుకే వాళ్లను సొప్రానోలకు దూరంగా, గోడవైపు నిలబెడతాను.

ఒకరు పంక్తి ఎత్తుకుంటే, చివరి అక్షరం ఆగకముందే మిగతావారు అందుకోవాలి. తాళానికి చప్పట్లు, అడుగులు చాలు. ఢోలక్ తర్వాత చూసుకోవచ్చు.

మైకు ఎకో మాత్రం పూర్తిగా తీయించండి. సౌండ్ సిస్టమ్ కుర్రవాడు అలుగుతాడు, అలగనీయండి.