తుప్పు పట్టిన పాత కారు భాగాలకు మొలాసిస్ స్నానం

నరసాపురం పరిసరాల్లో సముద్రపు గాలి తగిలే షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత బ్రిటిష్ కారును విప్పినప్పుడు, బ్రాకెట్ల మూలల్లో పేరుకున్న తుప్పు వైర్ బ్రష్షుకు అందలేదు, గ్రైండర్ పెడితే తుప్పుతోపాటు మంచి ఇనుమూ అరిగిపోసాగింది. చివరకు పశువుల దాణాలో కలిపే మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే చిక్కటి నల్ల పాకం) ఆ పని చేసిపెట్టింది.

ముందుగా గ్రీజును డీజిల్‌తో వదిలించి, సబ్బునీటితో కడగాలి. ప్లాస్టిక్ డ్రమ్ములో ఒక లీటరు మొలాసిస్‌కు 9 లీటర్ల నీరు చొప్పున కలిపి, భాగాలను పూర్తిగా మునిగేలా తాడుతో వేలాడదీయాలి. కొంత భాగం పైకి తేలి ఉంటే నీటి అంచు వెంబడి లోహం మీద గీత పడవచ్చు. ద్రావణం పులిసి నురగ కట్టి వాసన వేస్తుంది గనుక డ్రమ్మును పెరటి చివరన ఉంచి, మూతను వదులుగా పెట్టడం ఇంట్లోవారి దృష్ట్యా కూడా మంచిది. వారానికి ఒకసారి తీసి చూడాలి, మందపు తుప్పుకు రెండు వారాలో, అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. పైన మిగిలే నల్లని మడ్డిని కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. మన తేమగాలికి అది వెంటనే మళ్లీ ఎర్రబారుతుంది కాబట్టి, ఎండలో ఆరబెట్టిన గంటలోపే ప్రైమర్ వేయాలి.

ఇది ఇనుము, ఉక్కులకే పనికొస్తుంది. అల్యూమినియం కార్బ్యురేటర్‌ను గాని, జింకు పోత భాగాలను గాని అందులో వేస్తే అవి తినేసినట్లు పాడైపోతాయి.