థాయ్ చిన్న ఊళ్లలో ఫ్యాన్ గది అడగండి

ఉత్తర థాయ్‌లాండ్‌లోని నాన్, ఫ్రే వంటి ఊళ్లలో నవంబరు నుంచి జనవరి వరకు రాత్రులు చల్లగా ఉన్నా, బుకింగ్ యాప్‌లలో ఎక్కువగా ఏసీ గదులే కనిపించి అనవసరపు ఖర్చు పెట్టిస్తాయి. అందుకని ముందుగా ఒక్క రాత్రికే బుక్ చేసుకుని, ఊరు చేరాక కౌంటరులో "హాంగ్ పత్‌లొమ్" (థాయ్‌లో ఫ్యాన్ గది) ఉందా అని అడిగితే, చాలా చిన్న హోటళ్లు ఫ్యాన్ గది చూపిస్తాయి. రాత్రికి వంద బాట్ల పైచిలుకు మిగలడం మామూలే. డబ్బు కట్టేముందు గదిని చూసి, ఫ్యాన్ తిప్పి, కిటికీకి దోమతెర ఉందో లేదో, స్నానానికి వేడినీళ్లు వస్తున్నాయో లేదో పరీక్షించుకోవాలి (చలికాలంలో వేడినీళ్లే ముఖ్యం). అయితే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండలతో పాటు పొలాలు, అడవులు తగలబడే పొగ కూడా ఉంటుంది కనుక, కిటికీలు మూసుకోగల ఏసీ గదినే తీసుకోవాలి.