మొదటి చలికాలం: పిల్లలు గడప దాటే ముందు

మంచు కురిసే ఊరికి పిల్లలతో కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ముందు అడిగేది జాకెట్ ఎంత మందంది కొనాలని. మందం సంగతి తర్వాత, ముందు ఒంటిమీద తడి లేకుండా చూసుకోండి అంటాను. ఒళ్లు పొడిగా ఉంటే మైనస్ 10 డిగ్రీల సెల్సియస్‌లో కూడా పిల్లలు హాయిగా ఆడుకుంటారు. చెమటతోనో కరిగిన మంచుతోనో తడిస్తే సున్నా దగ్గరే వణికిపోతారు. తడి ఒంట్లోని వేడిని గాలికన్నా చాలా వేగంగా లాగేస్తుంది.

అందుకే లోపల కాటన్ వద్దు. అది చెమట పీల్చుకుని ఒక పట్టాన ఆరదు. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్స్, వాటిమీద ఫ్లీస్ స్వెట్టర్, అన్నిటికీ పైన గాలి, మంచు దూరని జాకెట్ వేయండి. ఒక్క లావుపాటి కోటు కంటే ఇలా మూడు పొరలు నయం. వెచ్చటి గదిలోకి వెళ్లగానే ఒకటి తీసేయొచ్చు.

ఇక తొడిగే వరుస. పొద్దున్నే ఇంట్లో టెన్షన్ అంతా ఇక్కడే. ముందు మీరు పూర్తిగా తయారవ్వండి. పిల్లలు అన్నీ తొడుక్కుని మీకోసం నిలబడితే లోపలే చెమట పట్టేస్తుంది. వాళ్లని బాత్రూమ్‌కి పంపాకే మొదలుపెట్టండి. థర్మల్స్, సాక్స్, స్నో ప్యాంట్, అప్పుడు బూట్లు. స్నో ప్యాంట్ కాళ్ల లోపల ఎలాస్టిక్ ఉన్న గుడ్డ ఒకటి ఉంటుంది. దాన్ని బూటు చుట్టూ కిందికి లాగండి. మా చిన్నాడు స్కూల్ నుంచి తడి సాక్స్‌తో వచ్చాడంటే ఆ గుడ్డ పైకి జరిగిందని చూడకుండానే చెప్పేస్తాను. మెడకి పొడుగు స్కార్ఫ్ బదులు తలమీంచి తొడిగే నెక్ వార్మర్ మంచిది. జారుడుబండ ఎక్కినప్పుడు స్కార్ఫ్ ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం. చేతులకి, వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్లూ కలిసుండే మిటెన్స్ వెచ్చగా ఉంటాయి. బ్యాగులో ఇంకో జత పెట్టండి, మధ్యాహ్నానికి మొదటి జత తడిసిపోతుంది.

బూట్లలో వేళ్లు ఆడాలి. రెండు జతల సాక్స్ కుక్కితే రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. రాత్రి బూట్ల లోపలి మెత్త బయటికి తీసి ఆరబెట్టండి.

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు, గాలితో కలిపి చలి ఎంత అనిపిస్తుందో ఆ అంకె చూడండి. అది మైనస్ 28 దాటితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. బుగ్గలు, ముక్కు కొస, చెవులు, వేళ్లు చూస్తూ ఉండండి. తెల్లగానో బూడిద రంగులోనో మచ్చలా మారి, ముట్టుకుంటే తెలియట్లేదంటే వెంటనే లోపలికి తీసుకురండి. రుద్దకండి, హీటర్ దగ్గర పెట్టకండి. ఒళ్లు ఓర్చుకునే గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. స్పర్శ రాకపోయినా, పొక్కులు లేచినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

కారు సీటులో లావు జాకెట్‌తో బెల్టు పెట్టొద్దు. గుద్దుకున్నప్పుడు జాకెట్ అణిగిపోయి బెల్టు వదులవుతుంది. జాకెట్ విప్పి, బెల్టు బిగించి, ఆ జాకెట్‌నే ముందువైపు నుంచి తిప్పి తొడగండి. మంచు బాగా పడ్డాక పొగ గొట్టం చుట్టూ తవ్వి శుభ్రం చేశాకే ఇంజిన్ ఆన్ చేయండి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఇంటి హీటింగ్ గొట్టం బయట తెరుచుకునే చోట కూడా మంచు పేరుకోనివ్వకండి. పడకగదుల దగ్గర ఆ వాయువుని పసిగట్టే అలారం పెట్టించే దాకా నాకైతే నిద్ర పట్టదు.

పెద్దవాళ్లకి చలికన్నా జారిపడటమే పెద్ద భయం. నల్ల రోడ్డు మీద కనిపించని పల్చటి మంచు పొర ఉంటుంది. మా అత్తయ్యగారికి నేను చెప్పేది: పాదం మొత్తం ఆనించి చిన్న చిన్న అడుగులు వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోకండి. మెట్లమీద ఉప్పు చల్లితే మంచు కరుగుతుంది కానీ, మామూలు ఉప్పు మైనస్ 10 కిందికి పోయాక పెద్దగా పనిచేయదు. అప్పుడు ఇసుక చల్లండి, కనీసం కాలికి పట్టు దొరుకుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకి మంచు తవ్వే పార ఇవ్వొద్దు. ఆ చలిలో ఆ బరువు ఎత్తడం గుండెకి చాలా శ్రమ. మిగతావాళ్లు కూడా కొంచెం కొంచెంగా తోస్తూ, మధ్యమధ్యలో లోపలికొచ్చి కూర్చుని వెళ్లండి.