ఉండలు కట్టిన స్లిప్పరీ ఎల్మ్ పొడి: నా అనుభవం

గొంతు గరగరకి మంచిదంటే స్లిప్పరీ ఎల్మ్ పొడి తెచ్చుకున్నాను. ఉత్తర అమెరికా తూర్పు అడవుల చెట్టు ఇది. వాడేది పైబెరడు కాదు, లోపలి పొర. మొదటిసారి మరిగే నీళ్లలో చెంచాడు గుమ్మరించాను. అంతే, ఉండలు కట్టేసింది. పైన జిగురు, చిదిమితే లోపల పొడి పొడే!

మర్నాడు ముందు కాసిని చన్నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాను. పల్చటి గంజిలా వచ్చింది. ఆ జిగురే గొంతులో పూతలా పరుచుకుని మంటను నెమ్మదింపజేస్తుంది. అక్కడి మూలవాసులు దీన్ని ఆహారంగానూ తీసుకునేవారు. రుచి మాత్రం చప్పన.

ఇంకో పొరపాటు: బీపీ మాత్ర దీంతోనే మింగేశాను. ఈ జిగురు మందును ఒంటికి త్వరగా పట్టనివ్వకపోవచ్చు. ఇప్పుడు రెండు గంటలు ఎడం ఇస్తున్నాను.