విశాఖ నుంచి అరకు దాకా పరుగు: ముందు కారులో ఉండేవాళ్లు తయారవ్వాలి

మా మరిది పరిగెడతాడు, నేను కారులో ఉంటాను. కాళ్లకి తర్ఫీదు ఎలాగో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను కారు సంగతే ఎక్కువ చెబుతాను.

పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. మూడు రోజులు పెట్టుకోండి, కానీ మూడు సమాన వాటాలు వేయొద్దు. మొదటి రోజు ఎస్.కోట దాకా లాగేయొచ్చు. రెండో రోజు ఘాట్ కాబట్టి అనంతగిరి చేరితే చాలు. మూడో రోజు సుంకరిమెట్ట మీదుగా అరకు. డిసెంబరు, జనవరి మంచి నెలలు. అప్పుడు కూడా కింద పది గంటలకే ఉక్కపోత, పైన తెల్లవారుజామున పళ్లు టకటకలాడే చలి. స్వెట్టర్ల సంచి విడిగా సర్దండి.

తయారీకి కనీసం ఐదారు నెలలు కావాలి. శనివారం ఎక్కువ దూరం పరిగెత్తి, ఆదివారం అవే అలసిన కాళ్లతో మళ్లీ భీమిలి రోడ్డెక్కాలి. ఎక్కడం అలవాటు కావడానికి సింహాచలం మెట్లున్నాయి. ఘాట్‌లో నడవడం నామోషీ ఏమీ కాదని ముందే ఒప్పించండి, మగపిల్లలకి ఇది ఒక పట్టాన ఎక్కదు.

సాయం చేసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లి చూడండి. 32 కిలోమీటర్ల దారిలో మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు నడిచేవాడిని ఆపరు, అడగరు, గ్లాసు చేతికి అందేలా పట్టుకుని నిలబడతారు. మనం చేయాల్సింది సరిగ్గా అదే.

ముగ్గురు చాలు. ఒకరు డ్రైవింగ్ తప్ప ఇంకేం ముట్టుకోకూడదు. ఒకరు తిండీ నీళ్లూ అందించాలి. ఒకరు బైక్ మీద ఉండాలి. కారు మైదానంలో మూడు కిలోమీటర్లు, ఘాట్‌లో రెండు కిలోమీటర్లు ముందుకెళ్లి ఆగాలి. మలుపులో మాత్రం వద్దు, రోడ్డు పక్కన జాగా ఉన్నచోటే ఆపాలి. ఘాట్‌లో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. తర్వాత ఎక్కడ కలుస్తారో కదిలే ముందే నోటితో చెప్పుకోండి. పరిగెత్తేవాడు ఎదురొచ్చే బళ్లు కనబడేలా కుడివైపు ఉండాలి. చీకటిలో మెరిసే జాకెట్, తలకి లైటు లేకుండా కదలనివ్వొద్దు.

ఇక అందించడం. దూరంగా కనబడగానే నేను కారు దిగి వాడితోపాటు నడుస్తాను. సీసా మూత ముందే తీసి కుడిచేతికిస్తాను. ఎడమచేతిలో చిన్న స్టీలు గిన్నె, అందులో ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు. "ఏం కావాలి" అని అడిగితే అలసినవాడు "ఏం వద్దొదినా" అంటాడు. "రెండు ముక్కలు నములుతూ వద్దను" అంటాను. తినేస్తాడు. కడుపు చెడగొట్టనివి నాకు తెలిసినంతవరకు చోడంబలి (రాగి అంబలి), మజ్జిగ, ఇడ్లీ, అరటిపండు, వేరుశనగ చిక్కీ. కొత్తగా కొన్న ఎనర్జీ జెల్లులు (పరిగెత్తేవాళ్లు శక్తికి చప్పరించే తీపి పేస్టు ప్యాకెట్లు) ఆ రోజే మొదటిసారి ఇవ్వకండి.

ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలపాలి, సగం సీసాలో కాదు. ఉత్త నీళ్లు అదేపనిగా తాగించడమూ ప్రమాదమే, ఒంట్లో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, పొంతన లేని మాటలు మొదలైతే పరుగూ నీళ్లూ ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. నా నోట్‌బుక్‌లో ప్రతి స్టాప్‌కీ ఒక వరస: టైము, తిన్నది, తాగింది, మూత్రం రంగు. చివరిది అడగడానికి మొదట్లో మొహమాటంగా ఉంటుంది, అడగండి. కోలా రంగులో వస్తే కండరాలు దెబ్బతింటున్నాయన్నమాట. "ఇంకొక్క ఐదు కిలోమీటర్లే" అని బతిమాలినా వినకుండా ఎక్కించుకుని దగ్గరి ఆసుపత్రికి పోవాలి. అది ఎక్కడుందో ఒక్కో రోజుకీ ముందే రాసుకోండి. నొప్పుల మాత్రలు మింగి పరిగెత్తనివ్వొద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద పడతాయి.

పాదాలు ఉబ్బుతాయి కాబట్టి బూట్లు అర సైజు పెద్దవి, అవీ బాగా వాడినవి. వేళ్ల మధ్య వాసెలిన్. ఎక్కడైనా చురుక్కుమంటే బొబ్బ లేచేదాకా ఆగకుండా అక్కడే టేపు వేయాలి.

చుట్టాలు, స్నేహితులు బైకుల మీద ఈలలేస్తూ వస్తామంటారు. రమ్మనండి, కానీ అరకులో చివరి నాలుగైదు కిలోమీటర్లకి. ఘాట్‌లో వాళ్ల సెల్ఫీల టెన్షన్ మనకెందుకు?

తిరుగు ప్రయాణానికి పరిగెత్తినవాడికి కిరండూల్ నుంచి అరకు మీదుగా విశాఖ వచ్చే రైలుకి టికెట్ ముందే తీయండి. ఘాట్ వంపుల్లో కారులో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం నరకం, రైల్లో అయితే లేచి నడవొచ్చు. డ్రైవర్‌ని మాత్రం అరకులో ఒక రాత్రి నిద్రపోనిచ్చి, మర్నాడు తెల్లారాకే కారు దింపమనండి.