పుస్తకాలు బయటి దేశాలకు పంపాలంటే ఎం-బ్యాగ్
అమెరికాలో ఉన్నవాళ్ళు పిల్లల పాత కథల పుస్తకాలు ఆఫ్రికాలోనో మన ఊళ్ళోనో ఏదైనా బడికి పంపాలనుకుంటే కొరియర్ రేట్లు చూసి ఆగిపోకండి, అక్కడి పోస్టాఫీసులో పుస్తకాలన్నీ ఒకే సంచిలో పంపే ఎయిర్‌మెయిల్ ఎం-బ్యాగ్ అని ఒకటుంది, అచ్చు పుస్తకాల్లాంటివే తీసుకుంటారు, సంచి మొత్తం ఒకే చిరునామాకి పంపాలి, చాలా దేశాలకు 66 పౌండ్ల బరువు దాకా వెళ్తుంది. బరువు 11 పౌండ్లకి తగ్గినా 11 పౌండ్లకి పడే చార్జీయే తీసుకుంటారు, కాబట్టి సంచి నింపే పంపండి. ఇన్సూరెన్స్ ఉండదు.

సర్దేముందు ఆ బడి టీచర్‌ని అడగండి: పిల్లలు ఏ వయసువాళ్ళు, ఇంగ్లిష్ ఏమాత్రం చదవగలరు, కస్టమ్స్‌లో వాళ్ళు ఏమైనా కట్టాల్సొస్తుందా. ఇది అడక్కుండా చిరిగినవీ, ఎప్పటివో కంప్యూటర్ గైడ్లూ, అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకాలూ (మన అటక ఖాళీ అవుతుందిలే అని) పంపితే వాళ్ళకి అదనపు చాకిరీ. బొమ్మల కథలు, డిక్షనరీలు అయితే ఎక్కడైనా పనికొస్తాయి.